చేను మేసిన కంచె

కంచె చేను మేసెనను సామెత తెలుగువారి నోట నానినది. కావలి యుండవలసినవాడే అపకారము చేసినప్పుడు ఈ మాట వాడుదురు. నిజముగా చేను మేయు కంచె ఎచటనైన ఉండునా యని ఎవరును అడుగరు. కాని అట్టి కంచె ఒకటి కలదు. చలిదేశములలో దానిని బార్బెరీ యందురు. అందము కొరకును కాపుదల కొరకును ముచ్చటపడి పెంచబడి, గోధుమ పైరునకు మృత్యువై, తుదకు ప్రభుత్వముల యాజ్ఞచే కూకటివ్రేళ్లతో పెకలింపబడిన పొద యిది. దాని చరిత్ర తోట పెంచువారికిని సేద్యము చేయువారికిని తెలియదగినది.

బార్బెరీ కుటుంబమున వందల జాతులు గలవు. వానిలో హిమాలయములందు పెరుగు నొక జాతి దారుహరిద్ర యను పేర ఆయుర్వేద వైద్యులకు చిరపరిచితము. దాని వేరును మానును పసుపువన్నె గలవి. ఆ కషాయమును చిక్కబరచి చేసిన రసాంజనమును కంటి జబ్బులకు వాడుట పూర్వాచారము. నీలగిరులలోను మరియొక జాతి పెరుగుచున్నది. ఐరోపాలో పెరుగునది సామాన్య బార్బెరీ. ఆకుల మొదట ముండ్లు, వ్రేలాడు పసుపు పూల గుత్తులు, పుల్లని ఎర్రని పండ్లు దాని గుర్తులు. పశువు చొరరాని కంచె, పండ్లతో మురబ్బా, వేరుతో పచ్చని రంగు, ఇన్ని లాభములు ఒక్క పొద వలన కలిగెను. అందుచేత 17వ శతాబ్దమున ఇంగ్లండు నుండి అమెరికాకు వలసపోయినవారు దానిని వెంట గొనిపోయి పొలముల చుట్టును నాటుకొనిరి.

కొంతకాలమునకు రైతులు ఒక వింత గమనించిరి. గోధుమ కాండముపై ఇటుక రంగు పొక్కులు లేచి, తాకిన చేతికి తుప్పు వంటి పొడి అంటెడిది. గింజ పాలు పోసుకొను వేళ తెగులు తగిలిన చేనిలో తాలు తప్ప మిగిలెడిది కాదు. ఈ తుప్పు తెగులు బార్బెరీ కంచె దాపున మొదలై చేనిలోనికి ప్రాకుటను వారు ఏటేట చూచిరి. కారణము తెలియకున్నను కన్నులు చెప్పినది నమ్మిరి. వారి మొర విని, బార్బెరీ పొదలను కొట్టించుటకై కనెక్టికట్ 1726లోను, మసాచుసెట్స్ 1755లోను, రోడ్ ఐలండ్ 1766లోను శాసనములు చేసెను. ఒక చెట్టు రోగము మరియొక చెట్టునకు ఎట్లు వచ్చునని పండితులలో కొందరు దీనిని పామరుల భ్రమగా త్రోసిపుచ్చిరి.

రైతుల మాటను పరీక్షించి చూచినవారిలో డెన్మార్కు దేశపు బడిపంతులు షోలర్ ఒకరు. 1816లో ఆయన తెగులు పట్టిన బార్బెరీ ఆకులను తెచ్చి, మంచిగా నున్న రై మొక్కలపై రుద్ది, తెగులు వచ్చుటను చూపెను. తుది తీర్పు చెప్పినవాడు జర్మనీ శాస్త్రజ్ఞుడు ఆంటన్ డి బారీ. తుప్పు తెగులునకు మూలము బూజు జాతికి చెందిన యొక శిలీంధ్రమనియు, అది తన జీవితమును రెండు మొక్కలపై పంచుకొని గడపుననియు ఆయన 1865లో రుజువు చేసెను.

ఆ క్రమము ఇట్టిది. వేసవిలో గోధుమపై పుట్టు ఎర్రని సిద్ధబీజములు గాలిలో ఎగిరి చేనినుండి చేనికి పోవును. పైరు పండు వేళ అదే కాండముపై నల్లని సిద్ధబీజములు పుట్టును. తీవ్రమైన చలికి ఎర్రనివి నశించును గాని నల్లనివి గడ్డిపై నిలిచియుండును. వసంతమున నల్లనివానినుండి పుట్టు సూక్ష్మబీజములు గోధుమను తాకజాలవు. అవి బార్బెరీ లేత ఆకును ఆశ్రయించును. ఆ ఆకు క్రింది వైపున నారింజ వన్నె గిన్నెల వంటి పొక్కులు లేచి, వాని బీజములు మరల గోధుమపైకి ఎగురును. చలిదేశములలో తెగులు ఒక యేటినుండి మరొక యేటికి దాటుటకు బార్బెరీ యే వంతెన. అంతియే కాదు, ఆ ఆకుపైననే శిలీంధ్రమునకు స్త్రీ పురుష సంయోగము జరిగి క్రొత్త తెగలు పుట్టునని కెనడా శాస్త్రజ్ఞుడు క్రేగీ 1927లో కనుగొనెను. తెగులును తట్టుకొను గోధుమను మనుజుడు తయారుచేసిన కొలది, దానిని జయించు క్రొత్త తెగను పుట్టించు పురిటిల్లు ఆ పొదయే.

డెన్మార్కు 1903లో శాసనము చేసి బార్బెరీని తొలగింపగా కొన్ని యేండ్లలోనే అచట తెగులు అణగెను. అమెరికా ఆలస్యము చేసెను. 1916లో తుప్పు తెగులు విజృంభించి అమెరికా, కెనడాలలో సుమారు 30 కోట్ల బుషెళ్ల గోధుమను, అనగా 80 లక్షల టన్నులకు పైగా, నాశనము చేసెను. అది మొదటి ప్రపంచ యుద్ధకాలము, ధాన్యమునకు కటకట. 1918లో ప్రభుత్వము బార్బెరీ నిర్మూలనమునకు పూనుకొనెను. మిన్నెసోటా విశ్వవిద్యాలయపు స్టాక్‌మన్ ఈ యుద్యమమునకు ముఖ్యుడు. బడిపిల్లలను సంఘములుగా చేర్చి, పొదను కనిపెట్టినవారికి పతకములిచ్చిరి. కొట్టినను చిగిర్చు పొదల మొదట ఉప్పును కిరసనాయిలును పోసిరి. ఆరు దశాబ్దముల పర్యంతము కోట్ల కొలది పొదలు నేల కూలెను. ఆ స్టాక్‌మన్ శిష్యుడే నార్మన్ బోర్లాగ్. తుప్పును తట్టుకొను ఆయన మెక్సికో గోధుమల విత్తనము 1966లో 18,000 టన్నులు భారతదేశమునకు దిగెను. హరితవిప్లవమునకు అది నాంది.

కంచె పోయినచోట మరియొక కంచె కావలెను గదా! ఆ స్థానమును పొందినది జపాను బార్బెరీ. స్వీడన్ దేశీయుడు థున్‌బర్గ్ 1775, 1776 సంవత్సరములలో జపానులో నుండి అచటి మొక్కలను పరిశోధించెను. ఈ జాతికి ఆయన పేరే పెట్టబడినది. 1875లో రష్యాలోని పీటర్స్‌బర్గు నుండి దీని విత్తనములు బోస్టను నగరపు ఆర్నాల్డ్ వృక్షోద్యానమునకు చేరెను. ఇది తుప్పు తెగులునకు లొంగదు. సున్నకు దిగువ 30 డిగ్రీల చలిని కూడ ఓర్చును. శరత్కాలమున ఆకులు కుంకుమ, నారింజ వన్నెలు తాల్చి, అవి రాలిన పిదపను ఎర్రని పండ్లు కొమ్మలపై నిలుచును. ఆకులున్నంత కాలమును ఎర్రనాకు గల రకములును కలవు. పెంచుట కష్టము కాదు: నీరు నిలువని నేల, నిండు ఎండ చాలును. నీడలో ఎర్రనాకు పచ్చబడిపోవును. లేతకొమ్మలు నాటినను బ్రదుకును; విత్తనము మాత్రము రెండు మూడు నెలలు చలిలో నున్నగాని మొలవదు. కత్తిరింపునకు వెరవదు. ముండ్ల వలన జింకలు ముట్టవు.

జింక ముట్టని ఆ గుణమే మరియొక చేటు తెచ్చెను. పక్షులు పండ్లు తిని విత్తనములను అడవులలో వెదజల్లగా, జింకలు ఇతర మొక్కలను మేసి దీనిని విడువగా, అడవి నేల యంతయు బార్బెరీ మయమయ్యెను. ఆ గుబురుల చల్లదనమున లైమ్ వ్యాధిని వ్యాపింపజేయు పిడుదులు అధికముగా నుండునని కనెక్టికట్‌లో జరిగిన పరిశీలనలు తెలిపెను. న్యూయార్కు రాష్ట్రము 2015లో దీని అమ్మకమును నిషేధించెను. పెన్సిల్వేనియా 2021లో హానికర మొక్కల పట్టికలో చేర్చెను. విత్తనము కట్టని రకములు ఇటీవల బయలువెడలినవి.

భారతదేశమున కథ వేరు. ఆగ్రాలో జీవితమంతయు తుప్పు తెగులుపై పరిశోధించి 1950లో మరణించిన కరంచంద్ మెహతా, ఈ దేశపు తెగులునకు హిమాలయపు బార్బెరీ కారణము కాదని నిరూపించెను. మైదానముల వేసవి యెండకు ఎర్రని బీజములు మాడిపోవును. కొండలపై చల్లని చేలలో అవి బ్రదికి, చలికాలమున గాలితో మరల దిగివచ్చును. కాండపు తుప్పునకు నీలగిరి, పళని కొండలు ముఖ్యస్థానములు. బంగాళాఖాతపు వాయుగుండముల గాలులు ఆ బీజములను దక్షిణమునుండి మధ్యభారతమునకు మోసికొనిపోవునని తరువాతి పరిశోధకులు తెలిపిరి. అమెరికా ఔషధమును ఇచట గ్రుడ్డిగా అనుకరించి దారుహరిద్రను నరికియున్నచో మందుమొక్క పోయెడిది, తెగులు నిలిచెడిది.

తగవు నేటికిని తీరలేదు. 1998లో ఉగాండాలో క్రొత్త తెగ యొకటి కనబడి గోధుమ దేశములను కలవరపరచెను. 2013లో ఇంగ్లండున దాదాపు అరువది యేండ్ల తరువాత కాండపు తుప్పు పట్టిన గోధుమ మొక్క దొరకెను. అచట బార్బెరీపై మాత్రమే బ్రదుకు నొక చిలుకజాతి పురుగును రక్షించుటకై పొదలు మరల నాటబడుచున్నవి. నాటువారికిని గోధుమ రైతులకును ఒప్పుదల కుదుర్చుటకు శాస్త్రజ్ఞులు సూచించునది ఒక్కటే: గోధుమ చేలకు దూరముగా నాటుడు. సూక్ష్మదర్శినిని ఎరుగని 1726 నాటి రైతులు అడిగినదియు అదియే.