కావలి బజారులో గంప

మొన్న కావలి వెళ్ళినప్పుడు కూరగాయల బజారుకు గుడ్డసంచి తీసుకువెళ్ళడం మరచిపోయాను. దొండకాయలమ్మే అవ్వ తక్కెడ పైకెత్తి పట్టుకుని, "దేంట్లో పోసేది అబ్బయ్యా?" అని అడిగింది. భుజం మీది తువాలు పరిచాను. దొండకాయలు, వంకాయలు, వాటి మీద ఊరికే పడేసిన కరివేపాకు రెబ్బలు, అన్నీ కలిపి మూట కట్టుకున్నాను. 2022 డిసెంబరు 31 నుంచి 120 మైక్రానుల కంటె పలుచని ప్లాస్టిక్ సంచులు చట్టవిరుద్ధం. అవ్వ కవరు ఇవ్వకపోవడానికి కారణం ఆ చట్టమో, కవరు ఖర్చు తన నెత్తిన పడుతుందనో, నేను అడగలేదు.

ఆ మూటతో నడుస్తుంటే వేరే ఆలోచన వచ్చింది. ప్లాస్టిక్ లేని ఆ పాతకాలాన్ని మనం ఎంతో ముచ్చటగా తలుచుకుంటాం. కాని ఆ గంపలు, తట్టలు అల్లిన చేతులను తలుచుకోం.

ఎడ్గర్ థర్‌స్టన్, కె. రంగాచారి సహాయంతో 1909లో ఏడు సంపుటాలుగా వెలువరించిన దక్షిణదేశపు కులాల గ్రంథంలో కొరవల గురించి దీర్ఘమైన వ్యాసం ఉంది. తెలుగునాట వారే ఎరుకలవారు. వారిలోని శాఖల పేర్లు చూస్తే ఒక సంత కళ్ళకు కడుతుంది: వెదురుదబ్బలతో బుట్టలల్లే దబ్బ ఎరుకల, ఈతపుల్లల ఎరుకల, ఉప్పు మోసే ఉప్పు ఎరుకల, కరివేపాకు అమ్మే కరివేపాకు ఎరుకల. నా మూటలో ఊరికే పడిన రెబ్బ ఒకప్పుడు ఒక శాఖకు జీవనాధారమన్నమాట!

ఉప్పు ఎరుకలది పెద్ద వ్యాపారం. కోస్తా ఉప్పును పశువుల మీద వేసుకుని మెట్టసీమలకు పోయి, అక్కడి ధాన్యంతో తిరిగివచ్చేవారు. దొర ప్రభుత్వపు ఉప్పు విధానమూ, రైళ్ళూ కలిసి ఆ వ్యాపారాన్ని దెబ్బతీశాయని మీనా రాధాకృష్ణ 2001లో వచ్చిన తన పుస్తకంలో వివరించారు. కావలి మీదుగా పోయే మద్రాసు–బెజవాడ రైలుమార్గం 1899లో పూర్తయింది. బతుకుతెరువు పోయి దేశం మీద తిరుగుతున్నవారిని ప్రభుత్వం అనుమానించింది. ఉత్తర భారతంలో 1871లో వచ్చిన నేరస్థ తెగల చట్టం 1911లో మద్రాసు రాజధానికీ విస్తరించింది.

ఇక్కడే మన ఊరు చరిత్రకెక్కింది. అమెరికన్ బాప్టిస్టు మిషను వారి ఆధ్వర్యంలో, శామ్యూల్ బాడెన్ అనే మిషనరీ నిర్వహణలో కావలిలో 'సెటిల్‌మెంటు' వెలసింది. స్టువర్టుపురం పేరు అందరికీ తెలుసు, కావలి పేరు చాలామందికి తెలియదు (నాకూ కాలేజీ రోజుల్లో తెలియదు, సిగ్గుపడే చెబుతున్నాను). హాజరు వేయించుకోవాలి, అనుమతి లేనిదే పొలిమేర దాటకూడదు. ఊరూరా తిరిగితేనే బుట్ట అమ్ముడుపోయే మనిషికి ఆ నిబంధన ఏమి మిగిల్చి ఉంటుందో ఊహించుకోండి. ఆ చట్టం మద్రాసులో 1947లో, దేశమంతటా 1952 ఆగస్టు 31న రద్దయింది.

ఇంటికి చేరాక అమ్మ తువాలు విప్పి కూరగాయలను ఈతపుల్లల తట్టలో పోసింది. పేడతో అలికిన పాత తట్ట, అంచు ఊడిపోతోంది. ఎవరి దగ్గర కొన్నారని అడిగాను.

"ఒక ఎరుకలామె వచ్చేది. తట్ట ఇచ్చి వడ్లు పోయించుకుని పోయేది."

పేరేమిటన్నాను. గుర్తులేదంది.