గురువు మెప్పు నుంచి జ్ఞానపీఠం వరకు

జి. కొండూరు, నూజివీడు వంటి మామిడితోటల మెరక ఊళ్లూ, నందమూరు వంటి డెల్టా పల్లెలూ 2022 నాటి పునర్విభజన వరకు ఒకే కృష్ణా జిల్లాలో ఉండేవి. ఆ జిల్లాకు చదువుల పట్టణాలైన బందరు, బెజవాడలలోనే విశ్వనాథ సత్యనారాయణ (1895–1976) సాహిత్య జీవితం రూపుదిద్దుకొంది.

నందమూరులో పుట్టిన విశ్వనాథకు బందరు ఉన్నత పాఠశాలలో తెలుగు బోధించినవారు చెళ్లపిళ్ల వేంకటశాస్త్రి. తిరుపతి వేంకటకవులుగా ప్రసిద్ధులైన జంటలో ఒకరైన ఆయన శతావధాని, అంటే నూరుమంది పృచ్ఛకులకు ఆశువుగా పద్యాలు చెప్పి వాటన్నిటినీ చివరకు ధారణతో అప్పగించగల విద్వాంసుడు. సంస్థానాలలో సత్కారాలందుకొన్న అటువంటి కవి బడిపిల్లల మధ్య నిలిచి పాఠం చెప్పడం వల్లనే విశ్వనాథ, కాటూరి వేంకటేశ్వరరావు, పింగళి లక్ష్మీకాంతం వంటివారు ఒకే గురుపీఠం నుంచి వెలువడగలిగారు. నన్నయ తిక్కనలకైనా తనవంటి శిష్యుడు లేడని విశ్వనాథ పద్యం చెప్పుకొన్నారు. అది అహంకారంగా వినిపించవచ్చు గాని, ఆ పద్యంలో కీర్తి అంతా గురువుకే చెందుతుంది.

నవలాకారుడిగా విశ్వనాథకు తొలి పెద్ద గుర్తింపు ఆంధ్ర విశ్వకళాపరిషత్తు నిర్వహించిన నవలల పోటీలో లభించింది. ఆయన ఆశువుగా చెబుతుండగా తమ్ముడు వేంకటేశ్వర్లు వ్రాసిన 'వేయిపడగలు', అడివి బాపిరాజు 'నారాయణరావు' ఆ పోటీ బహుమతిని పంచుకొన్నాయి. సుబ్బన్నపేట అనే కల్పిత గ్రామంలో జమీందారీ, దేవాలయం, కులవృత్తులు ఒకదానితో ఒకటి ముడిపడి క్షీణించిన తీరును చిత్రించిన 'వేయిపడగలు' 1934 నాటిది. జమీందారీలను తొలగించిన ఎస్టేట్ల రద్దు చట్టం 1948లో గాని రాలేదు కనుక, నూజివీడు వంటి జమీందారీ ప్రాంతపు పాఠకులకు అందులోని లోకం గతచరిత్ర కాదు, కళ్లముందున్న బ్రతుకే. ఆ వ్యవస్థపై రచయితకున్న మమకారాన్ని అంగీకరించనివారు సైతం దాని పతనం గురించి ఇంత విస్తారమైన నవలాచిత్రం తెలుగులో మరొకటి లేదని ఒప్పుకోవలసి ఉంటుంది.

1942లో గుడివాడలో ఆయనకు గజారోహణం, అంటే ఏనుగుపై ఊరేగించే సన్మానం జరిగింది. పూర్వం రాజులు కవులకు చేసిన ఆ మర్యాదను ఈసారి పౌరులే చేశారు. బెజవాడలోని ఎస్.ఆర్.ఆర్., సి.వి.ఆర్. కళాశాలలో ఆయన చాలాకాలం అధ్యాపకులుగా పనిచేశారు. 'వేయిపడగలు' నవలను పి.వి. నరసింహారావు 'సహస్రఫణ్' పేరుతో హిందీలోకి అనువదించడంతో అది తెలుగు నేల దాటింది.

1970 సంవత్సరపు జ్ఞానపీఠ పురస్కారం ఆయనకు లభించింది; తెలుగుకు అదే మొదటిది. అయితే ఆనాడు ఒక నిర్దిష్ట గ్రంథానికే ఇచ్చే ఆ పురస్కారం దక్కినది 'శ్రీమద్రామాయణ కల్పవృక్షము' అనే పద్యకావ్యానికి గాని, సామాన్య పాఠకుడు ఆయన పేరు వినగానే తలచుకొనే నవలకు కాదు. 2012 సంవత్సరానికి రావూరి భరద్వాజను ఎంపిక చేసేవరకు మరే తెలుగు నవలాకారుడికీ జ్ఞానపీఠం దక్కలేదు.