కొండ మీద జీడితోట, కింద బావి

భారతదేశంలో ఆకాశం నుంచి పురుగుమందు చల్లే పనికి హద్దులు పెట్టింది 1971 నాటి ఇన్‌సెక్టిసైడ్స్ నిబంధనలు. వాటికి మూలం 1968లో వచ్చిన ఇన్‌సెక్టిసైడ్స్ చట్టం. ఆ చట్టం వెనుక కేరళలో జరిగిన ఒక ఘోరం ఉంది. 1958లో ఓడలో ఫాలిడాల్ అనే పురుగుమందుతో పాటు వచ్చిన తిండి సరుకులకు ఆ విషం అంటుకుంది. అవి తిన్నవాళ్లలో వంద మందికి పైగా చనిపోయారు. జస్టిస్ జె.సి.షా విచారణ జరిపారు. పురుగుమందుల తయారీని, అమ్మకాన్ని, రవాణాను, వాడకాన్ని అదుపు చేసే చట్టం ఒకటి ఉండాలన్న మాట అప్పుడు బలపడి, పదేళ్లకు చట్టమైంది. ఆ చట్టానికి కఠినమైన పరీక్ష కూడా కేరళలోనే, రాష్ట్రపు ఉత్తరపు కొసన ఉన్న కాసరగోడ్ కొండల్లో ఎదురైంది.

గాలి నుంచి మందు చల్లడం గురించి చెప్పేది 43వ నిబంధన. చల్లే ప్రాంతానికి గుర్తులు పెట్టే బాధ్యత చల్లేవాళ్లదే. అనుమతి ఉన్న మందునే, అనుమతించిన మోతాదులో, అనుమతించిన ఎత్తు నుంచి చల్లాలి. కడుక్కునే వసతి, ప్రథమ చికిత్స ఏర్పాట్లు వాళ్లే చూడాలి. కనీసం 24 గంటల ముందు అధికారుల ద్వారా జనానికి తెలియజేయాలి. పనితో సంబంధం లేని మనుషులు, పశువులు నిర్ణీత కాలం ఆ చోటికి రాకుండా ఆపాలి. పైలట్లకు మందు వల్ల ఒంటికి కలిగే హాని గురించి కూడా శిక్షణ ఉండాలి.

చదవడానికి గట్టి నిబంధనే. అయితే అది ఉన్న చోటు చూడాలి. పనివాళ్ల రక్షణ దుస్తులు, విరుగుడు మందులు, శిక్షణ, ఖాళీ డబ్బాల పారవేత గురించి చెప్పే అధ్యాయంలో అదీ ఒకటి. మందుతో పనిచేసేవాళ్లను దృష్టిలో పెట్టుకుని రాసిన అధ్యాయం అది. ఆ తోట పక్కనే ఇల్లు కట్టుకుని బతికేవాళ్లు అందులో ‘రాకుండా ఆపవలసినవాళ్లు’గానే కనిపిస్తారు. ఇంటికి ఎంత దూరం పాటించాలి, బావికి ఎంత, వాగుకు ఎంత అన్న కొలత ఆ నిబంధనలో ఒక్కటీ లేదు.

కాసరగోడ్‌లో ప్లాంటేషన్ కార్పొరేషన్ ఆఫ్ కేరళ అనే ప్రభుత్వ సంస్థకు నాలుగున్నర వేల హెక్టార్లకు పైగా జీడిమామిడి తోటలున్నాయి. పూత మీద, లేత చిగుళ్ల మీద టీ దోమ పడితే పంట పోతుంది. పలాస, ఉద్దానం రైతులకు ఈ పురుగు గురించి వేరే చెప్పనక్కరలేదు. దాన్ని అణచడానికి 1970ల చివర్లో హెలికాప్టర్‌తో ఎండోసల్ఫాన్ చల్లడం మొదలుపెట్టారు. ఏడాదికి రెండు మూడు సార్లు చొప్పున 2000 సంవత్సరం దాకా అది సాగింది. మన పత్తి రైతులు వీపున స్ప్రేయర్ తగిలించుకుని కొట్టిన మందే అది. అక్కడ పైనుంచి వానలా పడింది.

ఆ నేల తీరు తెలిస్తేనే జరిగింది అర్థమవుతుంది. జీడితోటలు ఎర్రటి లాటరైట్ రాతి గుట్టల నెత్తిన ఉంటాయి. ఇళ్లు, పోకతోటలు, బళ్లు వాటి కింద లోయల్లో ఉంటాయి. గుట్ట మీద పడిన వాన వాగులై ఇళ్ల పక్కనుంచే దిగుతుంది. అక్కడి జనం నీళ్ల కోసం గుట్ట పక్కన అడ్డంగా సొరంగం తవ్వుతారు. దాన్ని సురంగం అంటారు. మనిషి వంగి నడిచేంత ఇరుకు దారి అది. లోపలి రాతి పొరల్లోంచి ఊరే నీరు సన్నని ధారగా బయటికొచ్చి చిన్న కుంటలో చేరుతుంది. తాగడానికీ వంటకూ ఆ నీళ్లే.

హెలికాప్టర్ చెట్ల తలలకు రెండు మూడు మీటర్ల ఎత్తులో ఎగిరితేనే మందు చెట్టు మీద పడుతుంది. ఎగుడుదిగుడు గుట్టల మీద ఆ ఎత్తు నిలబెట్టడం సాధ్యం కాదు. ఎత్తు పెరిగేకొద్దీ మందు తుంపరలు గాలివాటున లోయలోకి దిగుతాయి. ఊళ్లవాళ్లకు చెప్పిందేమో బావుల మీద కప్పు వేసుకోమని. చేదబావికి తాటాకో, గుడ్డో కప్పవచ్చు. పారే వాగుకు, సురంగం కుంటకు ఏం కప్పుతారు? చల్లేవాళ్ల మీద నిబంధన పెట్టిన బాధ్యత అలా కింద బతికేవాళ్ల నెత్తిన పడింది. ఇందులోని అన్యాయం ఇదే.

ఎన్మకజె పంచాయతీలోని పడ్రె గ్రామానికి చెందిన రైతు, పాత్రికేయుడు శ్రీపడ్రె 1980ల మొదట్లోనే అవకరాలతో పుడుతున్న దూడల గురించి రాశారు. అదే ఊళ్లో వైద్యం చేసే డాక్టర్ వై.ఎస్.మోహన్‌కుమార్ కొన్ని ఇళ్లలో మతి, నరాల జబ్బులు, క్యాన్సర్లు ఎక్కువగా ఉండటం గమనించి పత్రికలకు తెలియజేశారు. ఈలోగా 1991లో కేంద్రం వేసిన బెనర్జీ కమిటీ ఒక కీలకమైన మాట చెప్పింది: నదులు, చెరువులు, కుంటల దగ్గర ఎండోసల్ఫాన్ వాడకూడదని డబ్బా మీద రాయాలి. ఆ మాట ఏళ్ల తరబడి కాగితం దాటలేదు. నిండా వాగులున్న కొండల మీద హెలికాప్టర్ తిరుగుతూనే ఉంది.

దాన్ని మొదట ఆపింది ఒక చిన్న కోర్టు. పెరియలో తోట పక్కన ఇల్లు కట్టుకున్న వ్యవసాయ శాఖ ఉద్యోగిని లీలాకుమారి అమ్మ హోస్‌దుర్గ్ మున్సిఫ్ కోర్టుకు వెళ్లి 1998లో తాత్కాలిక నిషేధం, 2000 అక్టోబరులో శాశ్వత నిషేధం సాధించారు. కేంద్ర చట్టం కొలిచి చెప్పని హద్దును ఒక సివిల్ దావా గీసింది.

ఆ తర్వాత కథ త్వరగా నడిచింది. అహ్మదాబాద్‌లోని జాతీయ వృత్తి ఆరోగ్య సంస్థ పడ్రె బడిపిల్లలను దూరపు గ్రామం పిల్లలతో పోల్చి, పడ్రెలో ఆరోగ్య సమస్యలు ఎక్కువని తేల్చింది. మందుకూ జబ్బులకూ సంబంధం లేదన్న కమిటీలూ వచ్చాయి, ఆ వాదం చాలాకాలం నడిచింది. 2002లో కేరళ హైకోర్టు రాష్ట్రంలో ఎండోసల్ఫాన్ వాడకాన్ని ఆపింది. 2011 ఏప్రిల్‌లో స్టాక్‌హోమ్ ఒప్పంద దేశాలు దాన్ని తొలగించవలసిన విషాల జాబితాలో చేర్చాయి. మే 13న సుప్రీంకోర్టు దేశమంతటా తయారీ, అమ్మకం, వాడకం నిలిపివేసింది. బాధితులకు పరిహారం ఇవ్వాలని జాతీయ మానవ హక్కుల సంఘం 2010లో సిఫారసు చేయగా, తలా 5 లక్షల రూపాయలు మూడు నెలల్లో చెల్లించాలని 2017 జనవరిలో సుప్రీంకోర్టు ఆదేశించింది. ఐదేళ్లు గడిచినా 3,704 మందిలో ఎనిమిది మందికే ఆ సొమ్ము అందిందని 2022లో అదే కోర్టు ఆగ్రహించింది.

నిషేధం ఒక మందుకు పడింది, చల్లే పద్ధతికి పడలేదు. యూరోపియన్ యూనియన్ 2009లోనే గాలి పిచికారీని మొత్తంగా నిషేధించి, వేరే దారి లేని చోట మాత్రమే మినహాయింపు ఇచ్చింది. ఇక్కడ 43వ నిబంధన అలాగే ఉంది. హెలికాప్టర్ స్థానంలోకి డ్రోన్ వచ్చింది. కేంద్ర వ్యవసాయ శాఖ 2021 డిసెంబరులో డ్రోన్ పిచికారీకి విధివిధానాలు ప్రకటించింది. 2022లో 477 మందులను డ్రోన్లతో చల్లడానికి తాత్కాలికంగా అనుమతించారు. తెలుగు రాష్ట్రాల వరి, మిరప చేలల్లో ఇప్పుడు డ్రోన్ శబ్దం కొత్త కాదు.

ఆ విధివిధానాల్లోనూ 24 గంటల ముందస్తు సమాచారం ఉంది. పక్క పంటకు ఎడం వదలాలన్న షరతు ఉంది. 1971 నిబంధనలో లేని ఒక అంకె కూడా ఉంది: నీటి వనరుకు 100 మీటర్ల లోపు చల్లకూడదు. 100 మీటర్లంటే పెద్దమనిషి అంగలు సుమారు నూట నలభై. డ్రోన్ లేచే ముందే చెరువు గట్టు నుంచి ఎవరైనా వాటిని లెక్కపెట్టుకోవచ్చు.