ప్రభుత్వం ఎంత పాలించాలి? ధాత కరువు చెప్పే జవాబు

ప్రభుత్వం జనం జోలికి ఎంత తక్కువ వస్తే అంత మంచిదని ఒక వాదం. సంక్షేమం కోసం అన్నిటా ఉండాల్సిందేనని ఇంకో వాదం. వ్యాసం పేపర్లో ఈ అంశం వస్తే రెండు వైపులా నాలుగేసి పాయింట్లు రాసి, మధ్యేమార్గమే మేలని ముగించడం మనలో చాలామందికి అలవాటు. అంతకన్నా గట్టి జవాబు మనం రోజూ చదివే ఆధునిక భారతదేశ చరిత్రలోనే ఉంది.

1866 ఒరిస్సా కరువులో అధికారులు సకాలంలో బియ్యం తెప్పించలేదు. వర్షాకాలం వచ్చాక సముద్రమార్గం మూసుకుపోయింది. సుమారు 10 లక్షల మంది చనిపోయారు. ఆ అనుభవంతో 1873-74 బీహార్ కరువులో వైస్రాయి నార్త్‌బ్రూక్ ముందే మేల్కొన్నాడు. బర్మా నుంచి 4 లక్షల టన్నులకు పైగా బియ్యం తెప్పించారు. సహాయక చర్యలు నడిపింది రిచర్డ్ టెంపుల్. ఆకలి చావులు చాలా తక్కువ. అయినా ఆయనకు మెప్పు దక్కలేదు, ఖజానా దుబారా చేశాడన్న నింద మిగిలింది.

మూడేళ్లకు దక్షిణాదిన వానలు పోయాయి. అదే 1876-78 మహాకరువు. తెలుగు పల్లెల్లో ధాత కరువు అన్నారు. నేటి అనంతపురం కలిసి ఉన్న నాటి బళ్లారి జిల్లా, కర్నూలు, కడప బాగా దెబ్బతిన్నాయి. 1877 జనవరిలో ఢిల్లీ దర్బారు వైభవంగా జరిపిన వైస్రాయి లిట్టన్, ఖర్చు తగ్గించమని అదే టెంపుల్‌ను మద్రాసుకు పంపాడు. ఈసారి టెంపుల్ సహాయక పనుల్లో మగ కూలీకి రోజుకు ఒక పౌండు ధాన్యం, అంటే సుమారు 450 గ్రాములు, పైన కొద్దిపాటి పైకం చాలన్నాడు. ఆ తిండితో ఒళ్లు వంచి పని చేసే మనిషి బతకడని మద్రాసు శానిటరీ కమిషనర్ కార్నిష్ గట్టిగా వాదించాడు. కొన్ని నెలలకు కూలి పెంచక తప్పలేదు. బ్రిటిష్ పాలిత ప్రాంతాల్లోనే 50 లక్షలకు పైగా చనిపోయారని అంచనా.

లిట్టన్ వాదన ఏమిటో కూడా తెలుసుకోవాలి. ధర పెరిగితే వ్యాపారి తనంతట తానే ధాన్యం తెస్తాడు, ప్రభుత్వం మార్కెట్లో దిగితే వెనక్కి తగ్గుతాడు అన్నది ఆ సిద్ధాంతం. రైళ్లు ధాన్యం తెచ్చిన మాట నిజమే. కానీ పనే లేని కూలీకి కొనే డబ్బేది?

అయితే అది నిజంగా 'తక్కువ పాలించే' ప్రభుత్వమేనా? రైత్వారీ పద్ధతిలో పొలం పొలానికీ శిస్తు కట్టింది అదే. మద్రాసు ప్రెసిడెన్సీలో ఆ కరువు రోజుల్లోనే ఉప్పు సుంకం పెంచిందీ అదే. 1878లో దేశభాషా పత్రికల చట్టం, ఆయుధాల చట్టం తెచ్చి, ఆఫ్ఘన్ యుద్ధానికి దిగింది. తీసుకునేటప్పుడు పెద్దది, ఇచ్చేటప్పుడు చిన్నది.

అలాగని జోక్యం పెరిగితే న్యాయం వచ్చేస్తుందా? 1942లో జపాన్ దాడి భయంతో ప్రభుత్వం తీర బెంగాల్‌లో వేల పడవలను స్వాధీనం చేసుకుంది, బియ్యం నిల్వలను తరలించింది. 1943 కరువులో చనిపోయిన వారి సంఖ్యపై అంచనాలు 15 లక్షల నుంచి 30 లక్షల వరకు ఉన్నాయి. ఒకచోట చేయి కట్టుకుని కూర్చుంది, ఇంకోచోట చేయి మరీ పెట్టింది. రెండుచోట్లా ఉమ్మడి లోపం ఒకటే: చనిపోతున్న వారికి జవాబు చెప్పాల్సిన అవసరం ఆ ప్రభుత్వానికి లేదు.

1880 కరువు కమిషన్ నివేదిక, 1883 కరువు కోడ్ సహాయాన్ని ప్రభుత్వ విధిగా గుర్తించాయి. కానీ అది అధికారి చేతిలోని పని, ప్రజల చేతిలోని హక్కు కాదు. అందుకే 1896-1900 మధ్య మళ్లీ లక్షల మంది పోయారు. 2005 ఉపాధి హామీ చట్టం తేడా అక్కడే ఉంది. పని అడిగిన 15 రోజుల్లో ఇవ్వకపోతే భృతి ఇవ్వాలని రాసింది. ఎన్నికలు, స్వేచ్ఛగా రాసే పత్రికలు ఉన్న దేశంలో పెద్ద కరువులు రావని అమర్త్య సేన్ అన్నదీ ఇందుకే. అయితే ఏళ్ల తరబడి సాగే పోషకాహార లోపం పత్రికలకు వార్త కాదు, ఎన్నికల్లో అంశం కాదు. జవాబుదారీతనం ఇంకా చేరని చోటు అది.

కాబట్టి ఏ విధానం గురించి రాసినా ఈ మూడు ప్రశ్నలు వేసుకోండి. ప్రభుత్వం ఎవరి దగ్గర తీసుకుంటోంది? ఎవరికి ఇస్తోంది? ఇవ్వకపోతే ఎవరు నిలదీయగలరు? మూడో ప్రశ్నకు జవాబు లేని ప్రభుత్వం చిన్నదైనా పెద్దదైనా న్యాయమైనది కాదు.

సాధన ప్రశ్న: "ప్రభుత్వ న్యాయాన్ని దాని పరిమాణంతో కాక, జవాబుదారీతనంతో కొలవాలి." 19వ శతాబ్దపు కరువు విధానాల ఆధారంగా చర్చించండి. (250 పదాలు)