పెరట్లో మొలవని మందులు

మద్రాసు సైన్యంలో సర్జనుగా పనిచేసిన వైట్‌లా ఐన్‌స్లీ 1826లో ‘మెటీరియా ఇండికా’ అనే రెండు సంపుటాల గ్రంథం వెలువరించాడు. ఈ దేశపు మందు దినుసులకు స్థానిక భాషల్లో ఉన్న పేర్లు, వాటి వాడకం అందులో ఉన్నాయి. వసకొమ్ము దగ్గర ఆయన ఒక చిత్రమైన సంగతి చెప్పాడు. పసిపిల్లల అజీర్తికి జనం వసను ఎంతగా నమ్ముకున్నారంటే, అర్ధరాత్రి ఎవరైనా వచ్చి అడిగినా దుకాణదారు తలుపు తీసి అమ్మవలసిందేనట. తీయకపోతే జరిమానా.

దీన్ని శాసనంగా తీసుకోకూడదు. పరాయి వైద్యుడొకడు విని రాసుకున్న ఆచారంగా తీసుకుంటే చాలు. అయినా ఈ సంగతి ఒక ప్రశ్నను మన ముందుంచుతుంది. వస ఇంటి వైద్యంలోని మందు. బాలింత ఉన్న ఇంట్లో సానరాయి పక్కనే దాని చోటు. మరి అది అర్ధరాత్రి వేళ కొట్లో ఎందుకు కొనవలసి వచ్చింది?

మనం పెరటి వైద్యం, వంటింటి వైద్యం అనే మాటల్ని గర్వంగానే వాడుతుంటాం. ఆ మాటలు విన్నప్పుడు అన్నీ గడప దాటకుండానే దొరికేవన్న భావన కలుగుతుంది. కంపెనీ కాలం నుంచి 1930ల దాకా గోదావరి, కృష్ణా, విశాఖ జిల్లాల పల్లెలకు సంబంధించి మిగిలిన ఆధారాలను చూస్తే అందులో సగమే నిజమనిపిస్తుంది. తులసి, నేలవేము, వేప, ఆముదం ఊళ్లోనే దొరికేవి. పసుపు, కరక్కాయ, పిప్పళ్లు ఏజెన్సీ కొండల నుంచి దిగేవి. ఇంగువ అఫ్ఘానిస్తాన్, పర్షియా వైపు నుంచి బొంబాయి మీదుగా వచ్చేది. జాజికాయ పుట్టిల్లు బాందా దీవులు. లవంగాలు మొదట మొలక్కస్ నుంచి, పందొమ్మిదో శతాబ్దంలో జాంజిబార్ నుంచి కూడా వచ్చాయి. కర్పూరం చైనా, జపాన్ల నుంచి ఓడ ఎక్కింది. కడుపునొప్పికి నాయనమ్మ ఇంగువ పొంగించి ఇచ్చిందంటే ఆ గరిటె వెనుక ఒంటెల బిడారు, ఓడ, ఎద్దుబండి ఉన్నాయన్న మాట. పెరటి చెట్టు మందుకు పనికిరాదన్న సామెతను మనం మనుషుల గురించి వాడతాం గానీ, నాటి ఇంటి వైద్యానికి అది మాటకు మాటగా సరిపోతుంది.

‘పచారీ’ అనే మాటను కూడా ఒకసారి గమనించాలి. ఉర్దూ, హిందీల్లో ‘పసారీ’ అంటే మసాలాలు, మందు దినుసులు, కిరాణా సరుకులు అమ్మేవాడు. మన పచారీ దానికి దగ్గరి చుట్టంలా కనిపిస్తుంది. ఆ సంబంధం సరైనదే అయితే, ఉప్పూ పప్పూ అమ్మే కొట్టు, శొంఠీ కరక్కాయా అమ్మే కొట్టు వేరువేరుగా ఉండేవి కావన్న సంగతిని ఆ పేరే చెబుతున్నట్టు. అయితే ఒక్క మాట ఆధారంగా చరిత్ర రాయకూడదు. అందుకే తూకాలు, పన్నులు, పొట్లాల వైపు వెళ్దాం.

ముందుగా తూకాలు. మద్రాసు లెక్కలో 40 పలాలు ఒక వీశె, 8 వీశెలు ఒక మణుగు, 20 మణుగులు ఒక బారువ. వీశె అంటే 3 పౌన్ల 2 ఔన్సులు, మణుగు అంటే 25 పౌన్లు. ధాన్యానికి మాత్రం తూకం లేదు, కొలతే. సోల, తవ్వ, మానిక, అడ్డ, కుంచం ఒకదానికొకటి రెట్టింపు అవుతూ పోతాయి. నాలుగు కుంచాలు తూము, ఇరవై తూములు పుట్టి. ఈ వరస చాలాచోట్ల ఒకటే అయినా కుంచం పరిమాణం ఊరూరికీ మారేది. కాబట్టి ఒక తాలూకా ధరను ఇంకో తాలూకా ధర పక్కన పెట్టే ముందు ఆ కుంచం ఎక్కడిదో చూసుకోవాలి.

ఈ జాగ్రత్త లేకపోతే ఏమవుతుందో చెప్పడానికి ఉప్పును మించిన ఉదాహరణ లేదు. మద్రాసు రాజధానిలో 1805 నుంచి ఉప్పు ప్రభుత్వ గుత్తాధిపత్యం. 1882లో మణుగుకు 2 రూపాయలున్న పన్ను 1888లో రెండున్నర రూపాయలైంది. 1903లో మళ్లీ 2 రూపాయలకు, 1905లో రూపాయిన్నరకు, 1907లో రూపాయికి దిగింది. ఈ అంకెలు చూసి బజారు మణుగు ప్రకారం లెక్క వేస్తే 1888లో వీశె ఉప్పు మీద పన్ను 5 అణాలు అవుతుంది. అది తప్పు. పన్ను లెక్కలోని మణుగు దేశమంతటికీ పెట్టిన 82 పౌన్ల పైచిలుకు మణుగు. మన అంగడి మణుగుకు అది మూడింతల కంటే ఎక్కువ. సరైన లెక్కకు వీశెకు పన్ను సుమారు అణాన్నర. 1907 తరువాత ఏడు దమ్మిడీల చిల్లర (అణాకు 12 దమ్మిడీలు). పేరు ఒకటే అయినంత మాత్రాన తూకం ఒకటి కాదు. ఇంత చిన్న విషయం దగ్గర పొరబడితే పల్లె బతుకు మూడు రెట్లు భారంగా కనిపిస్తుంది.

అణాన్నరే కదా అని తేలిగ్గా తీసుకోవడానికీ లేదు. అది ఉప్పు ధర కాదు, ఉప్పు మీద పన్ను మాత్రమే. ఉప్పు వంటకే పరిమితం కాదు కూడా. వాపుకు ఉప్పు కాపడం, గొంతునొప్పికి ఉప్పునీళ్ల పుక్కిలింత, పశువుల మేతలో ఉప్పు, ఊరగాయలో ఉప్పు. చవిటి నేలలో ఉప్పుమన్ను గీకి తెచ్చుకుంటే అది నేరం. ఇంటి వైద్యంలో అన్నిటికంటే చవకైన దినుసుకే సర్కారు కాపలా పెట్టింది.

సరుకు కదలికను పన్నులు ఎలా అడ్డుకున్నాయో కూడా కొంత తెలుస్తుంది. దారి సుంకాలను మద్రాసు రాజధానిలో 1844లో తీసేశారు. చేతివృత్తులవారి మీద, వర్తకుల మీద ఉన్న మొహతర్ఫా పన్ను 1861లో పోయింది. ధవళేశ్వరం ఆనకట్ట 1852లో, బెజవాడ ఆనకట్ట 1855లో పూర్తయ్యాక డెల్టా కాలువల్లో పడవలు తిరిగాయి. 1884 స్థానిక బోర్డుల చట్టం తరువాత సంతల నిర్వహణ, ఆశీలు క్రమంగా బోర్డుల చేతికి వచ్చాయి. వీటన్నిటివల్లా పల్లెలో శొంఠి చవకైందా? అలా తేల్చి చెప్పడానికి ఈ తేదీలు చాలవు. సరుకు దాటవలసిన గేట్లు తగ్గాయి, రవాణా సులువైంది. అంతవరకే చెప్పవచ్చు.

సంతలో కొట్టు పెట్టుకోనివాళ్లూ మందులమ్మేవారు. 1909లో వెలువడిన ఎడ్గర్ థర్‌స్టన్ సంపుటాల్లో మందుల వాళ్ల ప్రస్తావన ఉంది. ఊరూరా తిరిగి మందులు, పొడులు అమ్మేవారనీ, వారిలో కొందరు ఆడవాళ్లు మంత్రసానులుగా కూడా పనిచేసేవారనీ ఆయన రాశాడు. కులాల్ని వర్గీకరించి అచ్చులో బిగించే ఆ సంపుటాల ధోరణి మనకు తెలిసిందే, కాబట్టి అందులోని తీర్పుల్ని పక్కన పెట్టాలి. మంత్రసానితనం, మందుల అమ్మకం ఒకే ఇంటి పనులన్న ఆ చిన్న వివరాన్ని మాత్రం వదులుకోకూడదు. ఆడవాళ్ల వైద్యం గురించి సర్కారు కాగితాల్లో ఇలాంటి ముక్కలు అరుదు.

ఇక కొండల సంగతి. ఉప్పు, బట్ట పైకి ఎక్కేవి. చింతపండు, పసుపు, కరక్కాయ కిందికి దిగేవి. ఈ మారకంలో కొండ మనిషి పక్షాన తూకం ఉండేది కాదనడానికి బలమైన సాక్ష్యం 1917 నాటి ఏజెన్సీ చట్టం. గిరిజనేతరులు వేసే వడ్డీకి, భూమి చేతులు మారడానికి హద్దులు పెట్టవలసి వచ్చిందంటే, అప్పు అప్పటికే ఎంత లోతుకు పోయిందో ఊహించవచ్చు. కరక్కాయ మన త్రిఫల చూర్ణంలో ఒకటి. అదే కాయ తోళ్లు ఊనడానికి భీమునిపట్నం రేవు నుంచి విదేశాలకు పోయేది. అడవిలో ఏరిన చేతికి అది మందుగా మిగిలిందో, బాకీ తీర్చే సరుకైందో ఆలోచిస్తే మనసు కలుక్కుమంటుంది.

ఆ కొండల్లో చలిజ్వరం తీవ్రం. దానికి రక్షణగా నల్లమందు తినేవారన్న సంగతి గోదావరి, విశాఖ ఏజెన్సీల గురించిన నాటి ప్రభుత్వ రాతల్లో ఉంది. 1893లో నియమించిన రాయల్ కమిషన్ 1895లో నివేదిక ఇస్తూ, నల్లమందు జనానికి ఇంటి మందు లాంటిదని వాదించింది. ఇక్కడ ఒక్క క్షణం ఆగాలి. నల్లమందు అమ్మకం మీద ఖజానాకు రాబడి ఉంది. అది మేలు చేస్తుందని తేలితే ఆ రాబడికి ఢోకా లేదు. కాబట్టి జనం దాన్ని మందుగా వాడారన్నంత వరకు ఆ సాక్ష్యాన్ని నమ్మవచ్చు. చలిజ్వరాన్ని ఆపిందన్న భాగానికి ఆధారం లేదు. నొప్పిని, దగ్గును, విరేచనాలను అణచే గుణం నల్లమందుకు ఉంది గనుక జ్వరంతో వణికే మనిషికి కాస్త ఉపశమనం దొరికి ఉంటుంది. ఏడ్చే పసిబిడ్డను నిద్రపుచ్చడానికి రవ్వంత నల్లమందు నాకించే అలవాటు మాత్రం ప్రాణాల మీదికి తెచ్చేది. ఊపిరి మందగించి బిడ్డ మళ్లీ లేవకపోవచ్చు.

క్వినైన్ కథ దీనికి ఎదురుగా నిలబడుతుంది. నీలగిరుల్లో 1860ల నుంచి క్వినైన్ ఇచ్చే సింకోనా తోటలు పెరిగాయి. 1892లో బెంగాల్లో పోస్టాఫీసుల ద్వారా పైసా పొట్లాల అమ్మకం మొదలై తరువాత ఇతర రాష్ట్రాలకూ పాకింది. పైసా అంటే పావు అణా. పొట్లంలో 5 నుంచి 7 గ్రెయిన్ల మందు. గ్రెయిను 65 మిల్లీగ్రాములు అనుకుంటే, పెద్ద పొట్లంలో కూడా 450 మిల్లీగ్రాములే. పెద్దవాళ్లకు క్వినైన్ చికిత్స అంటే 600 మిల్లీగ్రాముల చొప్పున రోజుకు మూడుసార్లు, ఏడు రోజులు. అంటే అలాంటి పొట్లాలు ఇరవై ఎనిమిది, ధర 7 అణాలు. ఒక్క పొట్లం కొన్న కూలివాడికి ఒక పూట వణుకు తగ్గినా, జ్వరం తిరగబెట్టక తప్పదు. ఇంగ్లీషు మందు పనిచేయదని ఊళ్లో మాట పడితే దానిలో మూఢత్వం వెతకనక్కరలేదు. వాళ్ల చేతికి అందిన మోతాదుకు అది సరైన అంచనాయే. దోమ కడుపులో మలేరియా జాడను రొనాల్డ్ రాస్ సికింద్రాబాదులో 1897 ఆగస్టు 20న చూశాడు. ఆ కనుగోలు లోకమంతా మారుమోగుతున్న రోజుల్లో కూడా పల్లెలో మోతాదును తేల్చింది చేతిలోని చిల్లరే.

టపాతో మరో మార్పు వచ్చింది. సరుకు చేతికందినప్పుడు డబ్బు కట్టే వీపీపీ పద్ధతి 1877లో మొదలైంది. కాశీనాథుని నాగేశ్వరరావు 1893లో బొంబాయిలో అమృతాంజనం ప్రారంభించారు, 1908లో అక్కడి నుంచే ఆంధ్రపత్రిక వారపత్రికగా తెచ్చారు. తలనొప్పి మందు రాబడి తెలుగు పత్రికను నిలబెట్టింది. మద్రాసులో కె.ఎన్. కేసరి లోధ్ర అనే స్త్రీల మందు అమ్ముతూ 1928లో గృహలక్ష్మి పత్రిక పెట్టారు. నిజాం రాజ్యంలో 1920 నుంచి జిందా తిలిస్మాత్ సీసా ఉంది. వీటి ప్రకటనలను చూసి ఎందరు వాడారో లెక్క కట్టలేం. ప్రకటన అమ్మేవాడి ఆశను చూపిస్తుంది, కొన్నవాడి అనుభవాన్ని కాదు. ఒక్క తేడా మాత్రం స్పష్టం. శొంఠి కొన్నవాళ్లకు దాన్ని ఏం చేయాలో ఇంట్లో ఎవరో చెప్పాలి. సీసాకు ఆ అవసరం లేదు, వాడే విధం దాని మీదే అచ్చయి వచ్చేది.

మళ్లీ వస దగ్గరికి. వసలోని బీటా అసరోన్ అనే పదార్థం ఎలుకల్లో కణుతులు కలిగించిందని తేలాక 1968లో అమెరికా వసను ఆహార పదార్థాల్లో నిషేధించింది. పసివాళ్లకు అరగదీసి నాకించే అలవాటు ఇప్పటికీ ఉన్న ఇళ్లు ఉన్నాయి కనుక ఈ మాట ఇక్కడ చెప్పి తీరాలి. అలాగని నాటి తల్లుల్ని తప్పు పట్టడానికి లేదు. వాళ్ల ముందున్నవి రాత్రంతా ఏడ్చే బిడ్డ, మూసి ఉన్న కొట్టు, చెంగున ముడివేసిన చిల్లర.

ఐన్‌స్లీ చెప్పిన అర్ధరాత్రి బేరాన్ని ఈ వెలుగులో మళ్లీ చదవవచ్చు. నిల్వ చేసుకునే స్తోమత ఉన్న ఇంట్లో వసకొమ్ము చెక్కపెట్టెలో సిద్ధంగా ఉంటుంది. రాత్రివేళ తలుపు తట్టవలసిన అగత్యం ఏ పూటకాపూట కొనుక్కునేవాళ్లది. ఆ జరిమానా నిజంగా ఉన్నదే అయితే, ఊరు దాన్ని విధించింది అలాంటివాళ్ల కోసమే అయి ఉండాలి. దుకాణదారుకు అందులో వచ్చే లాభం నిద్రలేచినంత శ్రమకు కూడా చాలదు, వసకొమ్ము ముక్క ఖరీదు అంత తక్కువ.