ఎమ్‌టీఆర్‌లో గంట, దర్శినిలో ఐదు నిమిషాలు

బెంగుళూరులో పనిచేసే తెలుగువాళ్ళలో, ఆదివారం పొద్దున్నే లాల్‌బాగ్ రోడ్డులో ఎమ్‌టీఆర్ ముందు పేరు రాయించుకుని నిలబడనివాళ్ళు తక్కువేమో. నేనూ నిలబడ్డాను, గంట పైనే. విసుగు రాలేదు సరికదా, ముక్కూమొహం తెలియనివాళ్ళతో ఒకే బల్ల దగ్గర సర్దుకుని రవ్వ ఇడ్లీ తిని హాయిగా బయటికొచ్చాను. మర్నాడు ఆఫీసు దగ్గర ఓ దర్శినిలో కాఫీ ఐదు నిమిషాలు లేటయిందని కౌంటర్లో కుర్రాడి మీద ఎగిరాను. తర్వాత సిగ్గేసింది.

ఒకే మనిషికి ఇంత తేడా ఎందుకు? ఆ హోటళ్ళ చరిత్ర చూస్తే నాకు కొంత అర్థమైంది.

మయ్యా సోదరులు 1924లో మొదలుపెట్టిన హోటలు అది. యజ్ఞనారాయణ మయ్యా 1951లో యూరప్ వెళ్ళి అక్కడి హోటళ్ళు చూసొచ్చి, ఇక్కడ శుభ్రత మీద పట్టుబట్టారు. అసలు పరీక్ష ఎమర్జెన్సీలో వచ్చింది. 1975లో, టిఫిన్లు ఇంత తక్కువ ధరకే అమ్మాలని ప్రభుత్వం కట్టడి పెట్టింది. ఆ ధరకి అమ్మాలంటే నెయ్యి తగ్గించాలి, లేదా నష్టపోవాలి. వాళ్ళు నాణ్యత తగ్గించలేదు, హోటలే మూసేశారు! పొడులు, మిక్సులు అమ్ముకుంటూ నిలదొక్కుకున్నారు. మళ్ళీ తెరిచింది కొన్నేళ్ళ తర్వాతే. మనం గంటసేపు నిలబడేది ఈ పట్టుదల మీద నమ్మకంతో.

దర్శిని కథ వేరు. 1983లో జయనగర్‌లో ఆర్. ప్రభాకర్ ఆలోచనతో 'కేఫ్ దర్శిని' వచ్చింది. కుర్చీల్లేవు, సర్వర్లు లేరు. ముందే డబ్బులు కట్టి, టోకెన్ ఇచ్చి, ప్లేటు తెచ్చుకుని నిలబడి తినాలి. కూర్చునే సుఖం వదులుకున్నందుకు మనకి దక్కేవి రెండే: తక్కువ ధర, వేగం. అందులో ఒకటి పోయినా బేరం చెడినట్టే.

ఇలాంటి బేరం అమెరికాలో 1948లోనే జరిగింది. శాన్ బెర్నార్డినోలో మెక్‌డొనాల్డ్ సోదరులు బాగా నడుస్తున్న హోటలుని మూడు నెలలు మూసి, కారు దగ్గరికే వచ్చి వడ్డించే అమ్మాయిల్ని తీసేసి, 25 రకాల మెనూని 9కి కుదించి, హాంబర్గర్ 15 సెంట్లకి పెట్టారు. పాత కస్టమర్లు కారులోంచి దిగకుండా హారన్ కొడుతూ కూర్చున్నారట. మర్యాద కోసం వచ్చినవాడికి చవక కనపడదు మరి. కొన్ని నెలలకి కుటుంబాలు, పిల్లలు రావడం మొదలయ్యాక గానీ వ్యాపారం కుదుటపడలేదు.

ఇప్పుడేమో యాప్‌లో అన్నిటికీ అవే ఐదు చుక్కలు. కిలోలనీ మీటర్లనీ ఒకే కాలమ్‌లో వేసి సగటు తీసినట్టుంటుంది నాకు (కోడ్ రివ్యూలో అయితే చీవాట్లు పడేవి).

అన్నట్టు, మర్నాడు ఆ కుర్రాడికి సారీ చెప్పాను. "పర్వాగిల్ల సార్, టోకన్ కొడి" అన్నాడు తలెత్తకుండా. నా వెనక ఇంకో ఎనిమిదిమంది ఉన్నారు.