కొల్లేటి శబ్దానికి కొన్ని పదాల వ్యాఖ్యానం

ఫీల్డ్ రికార్డింగ్: శబ్దాన్ని అది పుట్టినచోటికే వెళ్లి పట్టుకోవడం. 1948లో పారిస్‌లో పియేర్ షెఫేర్ రైలింజన్ల చప్పుళ్లను రికార్డు చేసి, ముక్కలుగా విడదీసి, మళ్లీ పేర్చి సంగీతరచన చేశాడు. చెన్నై–హౌరా లైను మీదున్న ఏలూరు, తాడేపల్లిగూడెంలో ఆ సరుకుకు కొదవ లేదు. అయినా ఇక్కడ మైకు కొన్నవాళ్ల మనసు ముందు కొల్లేటి సరస్సు అంచున ఉన్న ఆటపాక పక్షుల మీదికే పోతుంది. ఆటపాకకు పేరు తెచ్చిన గూడబాతులు పెద్దయ్యాక దాదాపు మూగవి. గూళ్లలో పిల్లలే అరుస్తాయి. పెయింటెడ్ స్టార్క్ కొంగలైతే గూటి దగ్గర ముక్కులు టకటకలాడిస్తాయి. కంటికి పండగ చేసే పక్షి చెవికి ఏమీ ఇవ్వకపోవచ్చు. కోరుకున్న శబ్దం దొరకలేదని గూళ్ల దగ్గరికి జరగకూడదు. పిల్లలు బెదిరితే ఆ రికార్డింగు ఎంత బాగున్నా దండగే.

కీనోట్: కెనడా స్వరకర్త మర్రే షేఫర్ వాడుకలోకి తెచ్చిన భావన. ఒక ఊళ్లో నిరంతరం మోగుతూ, ఎవరూ పట్టించుకోని శబ్దం ఇది; కచేరీలో తంబురా శ్రుతిలాంటిది. కొల్లేటి చుట్టుపక్కల చెరువుల దగ్గర రాత్రిపూట ఆ స్థానం ఏరియేటర్లది, అంటే నీటిని చిలికే చక్రాలది. పగలు నీటిలోని నాచు ప్రాణవాయువును వదులుతుంది, చీకటిపడ్డాక అదీ పీల్చుకుంటుంది. తెల్లవారుజాముకు నీటిలో ప్రాణవాయువు అడుగంటి చేపలు, రొయ్యలు తేలిపోతాయన్న భయంతో రైతు ఆ చక్రాలను తిప్పుతాడు. గట్టు మీది ట్రాన్స్‌ఫార్మర్ 100 హెర్ట్జ్ దగ్గర గుయ్యిమంటుంది, మన కరెంటు 50 హెర్ట్జ్‌ది కాబట్టి. 1999లో కొల్లేరును అభయారణ్యంగా ప్రకటించారు, 2002లో రామ్‌సర్ చిత్తడినేలల జాబితాలోకి ఎక్కింది, 2006లో అభయారణ్యంలో తవ్విన చెరువుల గట్లు తెగ్గొట్టారు. పక్షి గూడు ఒకవైపు, మనిషి కూడు ఒకవైపు. ఆ తగాదా ఇంకా చల్లారలేదు, అది ఈ మోతలోనే వినిపిస్తుంది. మోటార్ల చప్పుడును కంప్యూటర్లో తుడిచేసి కూతలను మాత్రమే మిగిల్చిన రికార్డింగును కొల్లేరు అంటే నేను ఒప్పుకోను.

కాంటాక్ట్ మైక్: చవక బజర్లలో ఉండే ఇత్తడి బిళ్ల. రెండు తీగలు అతికితే అది గాలిలో శబ్దాన్ని కాక వస్తువులో కంపనాన్ని వింటుంది. తాటిదోనెకు అంటిస్తే గెడ వేసినప్పుడల్లా దోనె లోపలినుంచి మూలుగుతుంది.

హైడ్రోఫోన్: అదే బిళ్లకు నీరు చొరకుండా పూత పూస్తే చాలు, మొదటి హైడ్రోఫోన్ సిద్ధం. నీటిలో శబ్దం సెకనుకు సుమారు 1,500 మీటర్లు పోతుంది, గాలిలోకన్నా నాలుగు రెట్లకు పైగా వేగం. కొరమేను గాలి మింగడానికి పైకి రావడం, జెల్లజాతి చేపలు రెక్కముల్లును కీలులో రాపాడించి కిరకిరలాడించడం దీనికి అందుతాయి.

మూగ్: సింథసైజర్. 1969లో అహ్మదాబాదు ఎన్‌ఐడీలో అమెరికా స్వరకర్త డేవిడ్ ట్యూడర్ సాయంతో ఒకటి నెలకొల్పారు. గీతా సారాభాయ్ వంటివారు అక్కడ చేసిన టేపులు 2023లో గానీ ఆల్బమ్‌గా వెలువడలేదు. అంత సొమ్ము, అంత పెద్ద సంస్థ వెనకున్నా ఆ పని అర్ధశతాబ్దం మూలనపడింది. తాడేపల్లిగూడెంలో 2015 నుంచీ ఎన్‌ఐటీ ఉంది. అక్కడి పిల్లలు చేసే ధ్వని ప్రయోగాలు అలా అటకెక్కకూడదని నా కోరిక.

సర్క్యూట్ బెండింగ్: చవక ఎలక్ట్రానిక్ బొమ్మల సర్క్యూట్లను మార్చి కొత్త శబ్దాలు రాబట్టడం. 1960ల్లో అమెరికాలో రీడ్ గజాలా సొరుగులో మూత తెరిచి ఉన్న చిన్న ఆంప్లిఫయర్ లోహానికి తగిలి వింతగా కూసింది. ఆ కూతే ఈ విద్యకు బీజం. కొల్లేటికోట పెద్దింట్లమ్మ జాతరలో కొన్న పాటల బొమ్మ కూడా ఇందుకు పనికొస్తుంది. బొమ్మ వేగాన్ని నిర్ణయించే రెసిస్టరు తీసి, ఆ చోట వెలుతురుకు స్పందించే ఎల్‌డీఆర్ పెడితే, మబ్బు కమ్మినప్పుడు పాట సాగి కిందికి దిగుతుంది. బోర్డు మీద వేలు ఆనిస్తే ఒంటి తడే తీగ అవుతుంది. ఇలాంటి బొమ్మను ఏరియేటర్ రికార్డింగు పక్కన మోగించి చూడాలి: రెండూ యంత్రాలే, ఒకటి గడియారంలా తిరుగుతుంది, ఒకటి ఆకాశాన్ని బట్టి మారుతుంది. ఇదంతా బ్యాటరీతో నడిచే వస్తువులతోనే చేయాలి. ఇంటి కరెంటుకు తగిలించే పెట్టెను విప్పకూడదు, తడిగట్టు మీద మోటారు స్టార్టరు జోలికి అసలే పోకూడదు.